మానిఫెస్టులో రాసిన పేరు

చండీగఢ్‌లో డిసెంబరు నెల తెల్లవారుజామున మూడింటికి ఎంత చలి ఉంటుందో మా ఊళ్లో చెబితే నమ్మేవాళ్లు కారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు గాలి పీల్చి పెరిగినవాణ్ణి నేను. అక్కడ పెన్నులో సిరా బిగుసుకుపోయి సాగేది కాదు. రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వంలా తిప్పి, కాస్త వేడెక్కాక రాసేవాణ్ణి. రాయాల్సింది కథలేం కాదు. పేరు, నంబరు, ర్యాంకు, యూనిట్, ఒంటి బరువు, సామాను బరువు. చిన్న విమానమైతే ముప్పై నలభై వరసలు, పెద్దదైతే వంద దాటేవి. కార్బన్ కాగితాలు పెట్టి, అడుగు కాపీలో కూడా అక్షరం తేలేలా నొక్కి రాయాలి. ఒక కాపీ విమానంతో వెళ్తుంది. ఒకటి మా దగ్గర ఉంటుంది. దాన్ని మానిఫెస్టు అంటాం.

వాయుసేనలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. చండీగఢ్ స్థావరంలో రెండు దఫాలు ఉన్నాను. 1986 నుంచి నాలుగేళ్లు, మళ్లీ 2001 నుంచి నాలుగేళ్లు. విమానం నడపలేదు, బాంబు వెయ్యలేదు. లద్దాఖ్ వెళ్లే విమానాల్లోకి మనుషుల్నీ సామాన్లనీ ఎక్కించడం, లెక్క రాయడం నా ఉద్యోగం. వాయుసేన అనగానే మన పత్రికలు రఫేల్ బొమ్మ వేస్తాయి, తేజస్ బొమ్మ వేస్తాయి. వెయ్యాలి కూడా. కానీ సరుకులూ మనుషులూ మోసే స్థావరం పేరు మొదటి పేజీలోకి ఎక్కేది ఒక్క సందర్భంలోనే, విమానం తిరిగి రానప్పుడు. మిగతా రోజుల్లో అక్కడ ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అది చెప్పాలనీ, దాంతో పాటు మనం తీర్చాల్సిన ఒక బాకీ గురించి అడగాలనీ ఇది రాస్తున్నాను.

చండీగఢ్ పటం మీద ఎక్కడుందో చూస్తే స్థావరం అక్కడ ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. మైదానం అక్కడితో అయిపోతుంది. రన్‌వే చివర నిలబడితే శివాలిక్ కొండలు కనిపిస్తాయి. వాటి వెనక హిమాలయాలు, వాటి వెనక లేహ్. రైలు మార్గం చండీగఢ్ దాకా వస్తుంది. అక్కడి నుంచి లేహ్‌కి విమానంలో గంట. రోడ్డు మీదైతే రోజుల ప్రయాణం, అదీ కనుమలు తెరిచి ఉన్నప్పుడు. శ్రీనగర్ వైపు జోజిలా, మనాలీ వైపు రోహ్‌తాంగ్, బారాలాచా. నవంబరు దాటితే అన్నీ మంచు కింద పడి ఉండేవి. అప్పటి నుంచి మళ్లీ మంచు కరిగేదాకా పైన ఉన్న సిపాయి తినే ఉల్లిపాయ, చదివే ఉత్తరం, వెలిగించే బుఖారీ పొయ్యిలో పోసే కిరోసిన్, చాలావరకు ఏదో ఒక విమానం కడుపులో పడుకుని వెళ్లాల్సిందే. వాయుసేన లెక్కల్లో దీన్ని ఎయిర్ మెయింటెనెన్స్ అంటారు. మరమ్మతు అనుకునేరు. గాలి మీదుగా పోషించడం అని అర్థం.

1961లో చండీగఢ్‌లో ఈ స్థావరం మొదలైంది. అంతకు పద్నాలుగేళ్ల ముందే దారి పడింది. 1947 అక్టోబర్ 27న ఢిల్లీ నుంచి డకోటాలు ఒకటో సిక్కు బెటాలియన్ సైనికుల్ని తీసుకుని శ్రీనగర్‌లో దిగాయి. ఆ రోజు దిగకపోయి ఉంటే ఆ విమానాశ్రయం మన చేతిలో ఉండేది కాదు. మరుసటి సంవత్సరం లేహ్ వంతు వచ్చింది. లద్దాఖీ ఇంజనీరు సోనమ్ నోర్బు ఊరివాళ్లతో కలిసి సింధు నది పక్క ఇసుక నేలను చదును చేసి రన్‌వే తయారు చేశాడు. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ దాని మీద డకోటాని దింపాడు. పక్కన జనరల్ తిమ్మయ్య కూర్చుని ఉన్నాడు. ఆ మార్గానికి పటాలు సరిగా లేవు. అంత ఎత్తున ఎగరడానికి డకోటాని తయారు చెయ్యలేదు. నేను చేరినప్పుడు మాకు పాఠం చెప్పినాయన ఈ సంగతి చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నల్లబోర్డు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తు.

తర్వాత 1962. ఆ జులైలో దౌలత్ బేగ్ ఓల్డీ దగ్గర, 16 వేల అడుగులు దాటిన చోట, స్క్వాడ్రన్ లీడర్ రాజే ప్యాకెట్ విమానం దించాడు. ఆ ప్యాకెట్ల వీపు మీద అదనంగా ఒక జెట్ ఇంజన్ బిగించారు, పల్చటి గాలిలో లేవడానికి. అక్టోబరులో చైనా యుద్ధం వచ్చి పడింది. అప్పటికి కొత్తగా సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన ఏఎన్-12 విమానాలు చండీగఢ్ నుంచి ఆరు ఏఎంఎక్స్-13 ట్యాంకుల్ని చుషుల్‌కి మోశాయి. చుషుల్ 14 వేల అడుగుల పైన. ట్యాంకుని విమానంలోకి ఎక్కించడమంటే ఏమిటో లోడింగ్ పని చేసినవాడికి తెలుస్తుంది. జానెడు అటూ ఇటూ అయితే విమానం బరువు తూకం తప్పుతుంది, ముక్కు లేవదు, లేదా తోక వాలుతుంది. చుషుల్‌లో యుద్ధవిమానాల గర్జన లేదు, ఫొటోలు లేవు. కొన్ని మోటు సరుకు విమానాలు, వాటిని నింపిన చేతులూ ఉన్నాయి.

తూకం అన్నాను కదా. లేహ్ ఎత్తు 10,600 అడుగుల పైనే. గాలి పల్చన. పల్చటి గాలి రెక్కని సరిగా ఎత్తదు, ఇంజన్‌కీ సరిపడా ఊపిరి అందదు. ఎండెక్కితే ఆ గాలి ఇంకా పల్చబడుతుంది, మధ్యాహ్నానికి లోయలో ఈదురుగాలి మొదలవుతుంది. అందుకే పొద్దున్నే వెళ్లి పొద్దున్నే తిరిగి రావాలి. అందుకే మా కొలువు మూడింటికి. పైకి వెళ్లేటప్పుడు మోసినంత బరువు అక్కడి నుంచి లేచేటప్పుడు మొయ్యలేదు. ఏఎన్-32 రవాణా విమానం మామూలుగా ఆరున్నర టన్నుల పైన మోస్తుంది. లేహ్ నుంచి లేచేటప్పుడు ఆ లెక్క చెల్లదు. సెలవు మీద ఇంటికి వెళ్లే కుర్రాళ్లు రన్‌వే పక్కన వరసగా కూర్చుని ఉంటే, వాళ్లలో ఎంతమందిని ఎక్కించుకోవాలన్నది ఆ పూట ఎండ నిర్ణయించేది. చెల్లెలి పెళ్లికి బయల్దేరినవాణ్ణి రేపు రమ్మని ఆపెయ్యాలి. నేను ఆపాను. ఒకటి రెండుసార్లు కాదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. 1988 చలికాలం అనుకుంటాను. ఏఎన్-32 ఒకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మానిఫెస్టు రాసేశాను. చివరి నిమిషంలో వరసలో ఉన్న ఒక జవానుకి జ్వరమని డాక్టరు ఆపేశాడు. జ్వరంతో ఆ ఎత్తుకి పంపితే ప్రాణం మీదికి వస్తుంది. ఖాళీ అయిన చోట్లోకి వెనకాల నిలబడ్డ కుర్రాణ్ణి ఎక్కించారు. మనవాడే. పార్వతీపురం అవతల ఏదో ఊరు. అంతకు ముందే నా యాస పట్టి పలకరించాడు.

“తమరిదే ఊరండీ?” అన్నాడు.

చెప్పాను.

“పైన సలి బాగా ఎక్కువాండీ?”

“ఓర్చుకోవచ్చు తమ్ముడూ. మొదటి ఆరు రోజులు పరుగులెత్తకు, మెట్లు నెమ్మదిగా ఎక్కు. నీళ్లు తాగుతుండు” అన్నాను. కొత్తగా వెళ్లే ప్రతివాడికీ చెప్పే మాటే అది.

విమానం వెళ్లిపోయింది. నేను సామాను వల బిగింపు చూసే హడావుడిలో ఉన్నాను. కాగితంలో పేరు మార్చలేదు. జ్వరంతో ట్రాన్సిట్ క్యాంపులో పడుకున్నవాడి పేరు విమానంలో ఉంది. విమానంలో కూర్చున్న పార్వతీపురం కుర్రాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. విమానం క్షేమంగా వెళ్లి తిరిగొచ్చింది. మా వారెంట్ ఆఫీసరు, పంజాబీ పెద్దాయన, సాయంత్రం కాపీలు సరిచూస్తూ పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని టీ తెప్పించి నెమ్మదిగా అడిగాడు.

“ఈ విమానం రాకపోయుంటే, తంతి ఏ తల్లికి వెళ్లేది బేటా?”

నా దగ్గర జవాబు లేదు. అప్పుడాయన 1968 సంగతి చెప్పాడు.

ఆ ఏడాది ఫిబ్రవరి 7న ఏఎన్-12 ఒకటి చండీగఢ్ నుంచి లేహ్‌కి బయల్దేరింది. అందులో 102 మంది. ఎక్కువమంది సెలవు ముగించుకుని యూనిట్లకు తిరిగి వెళ్తున్నవాళ్లు. లేహ్ దగ్గర వాతావరణం బాగోలేక పైలట్ వెనక్కి తిప్పాడు. రోహ్‌తాంగ్ చుట్టుపక్కల నుంచి చివరి మాట వినిపించింది. అంతే. విమానం లేదు, శకలం లేదు, ఒక్క చొక్కా గుండీ కూడా లేదు. ఆ 102 మంది గురించి స్థావరంలో మిగిలింది మానిఫెస్టు ఒక్కటే. ఎవరింటికి ఏ కబురు చెప్పాలో తెలియజెప్పింది ఆ కాగితమే. “అది తప్పైతే, అక్కడ ఇంకేమీ మిగల్లేదు” అన్నాడు పెద్దాయన. ఆ రోజు నుంచి విమానం తలుపు వేసే ముందు నేను లోపలికెళ్లి ఒక్కొక్క పేరూ పైకి చదివి, చెయ్యెత్తినవాడి ముఖం చూసి, అప్పుడు దిగేవాణ్ణి. ఆలస్యమవుతోందని సిబ్బంది విసుక్కున్నా సరే.

నేను రెండోసారి చండీగఢ్‌లో ఉండగా, 2003లో, మనాలీ పర్వతారోహణ సంస్థవాళ్లు లాహౌల్ వైపు మంచు మీద ఎక్కుతుంటే విమాన శకలాలు కనిపించాయి. ఒక సిపాయి దేహం దొరికింది. ముప్పై అయిదేళ్ల తర్వాత. ఆ కబురు మా సెక్షన్‌కి వచ్చిన పూట ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తర్వాత సైన్యం మళ్లీ మళ్లీ ఆ హిమానీనదం మీదికి వెళ్లింది. అక్కడ ఏడాదిలో కొన్ని వారాలే వెతకడానికి వీలు. 2024 సెప్టెంబరులో నలుగురు దొరికారు. జేబుల్లో మిగిలిన కాగితాలు ఆనవాలు పట్టడానికి పనికొచ్చాయి. వాళ్లలో ఒకరు కేరళకు చెందిన క్రాఫ్ట్స్‌మన్, పోయినప్పుడు 22 ఏళ్లవాడు. యాభై ఆరేళ్ల తర్వాత ఇంటికి చేరాడు. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. తోబుట్టువులు ముసలివాళ్లై అతనికి ఎదురొచ్చారు. ఇప్పటిదాకా దొరికినవాళ్లు 102 మందిలో పది మంది కూడా లేరు. అయినా వెళ్తున్నారు, వెతుకుతున్నారు. ఈ సైన్యంలో నేను పనిచేశానని ఛాతీ విరుచుకుని చెప్పుకోగల కారణాల్లో అదొకటి.

ఇంతకీ ఆ స్థావరం కేవలం యుద్ధం కోసమే అనుకోవద్దు. 1984 ఏప్రిల్‌లో సియాచిన్ మీదికి సైన్యం వెళ్లినప్పటి నుంచి థోయిస్‌కి సరఫరా ఆగలేదు. ఆ ఊరి పేరే పొడి అక్షరాల కూర్పు. ట్రాన్సిట్ హాల్ట్ ఆఫ్ ఇండియన్ సోల్జర్స్ ఎన్‌రూట్, అంటే దారిలో సిపాయి ఆగే చోటు. కానీ అదే విమానాల్లో చలికాలంలో చిక్కుకుపోయిన లద్దాఖీ విద్యార్థులు వచ్చేవారు, రోగులు వచ్చేవారు. ఐఎల్-76 కడుపులో నేల మీద కూర్చున్న ముసలమ్మలు ఎండు ఆప్రికాట్ పళ్ల మూట విప్పి పిడికెడు చేతిలో పెట్టేవారు. వాటి రుచి మన రేగువడియానికి దూరపు చుట్టం. 2010 ఆగస్టులో లేహ్‌లో మేఘం బద్దలై ఊరు బురదలో కూరుకుపోయినప్పుడు మందులూ గుడారాలూ ముందు మోసుకెళ్లింది ఈ విమానాలే. అప్పటికి నేను పదవీ విరమణ చేసి విశాఖలో ఉన్నాను. టీవీలో ఐఎల్-76 ర్యాంపు కనిపిస్తే, చేతులు వాటంతటవే గొలుసు బిగించబోయాయి.

2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఏం జరిగిందో చూడండి. తూర్పు లద్దాఖ్‌కి 68 వేల మంది సైనికుల్నీ, తొంభై దాకా ట్యాంకుల్నీ వాయుసేన తరలించిందని 2023లో రక్షణ వర్గాల మాటగా పత్రికల్లో వచ్చింది. ఇప్పుడు సీ-17లు హిండన్ నుంచి ఎగురుతాయి, సీ-130జేలు ఉన్నాయి. సామర్థ్యం పెరిగింది. 1962లో ఆరు ట్యాంకులు, 2020లో తొంభై. ఆ తేడా గర్వపడాల్సిందే.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటారు. సొరంగాలు వచ్చేస్తున్నాయి కదా, ఇంకా ఈ విమానాల ఖర్చెందుకు అని. అటల్ సొరంగం 2020లో తెరిచారు. జోజిలా కింద 13 కిలోమీటర్ల సొరంగం మన హైదరాబాద్ కంపెనీయే తవ్వుతోంది. తవ్వాలి. రోడ్డు మీద టన్ను మొయ్యడానికయ్యే ఖర్చుకీ, గాలిలో అయ్యే ఖర్చుకీ పోలికే లేదు. ఏడాది పొడవునా పప్పూ బియ్యం రోడ్డు మీద వెళ్తే విమానాలకి ఊపిరి తిరుగుతుంది. కానీ గల్వాన్ లాంటి రాత్రి మళ్లీ వస్తే రోడ్డు కోసం ఆగలేం. కొండచరియ ఒకటి జారితే రోడ్డు వారం మూతపడుతుంది. దౌలత్ బేగ్ ఓల్డీలో నలభై మూడేళ్లు మూసి ఉంచిన రన్‌వేని 2008లో ఏఎన్-32తో ఎందుకు మళ్లీ తెరిచారో, 2013లో అక్కడ సీ-130జే ఎందుకు దిగిందో ఆలోచిస్తే ఈ ప్రశ్న రాదు.

నా బాధ వేరే చోట ఉంది. ఏఎన్-32.

1984 నుంచి మన దగ్గర ఉన్న విమానం అది. వందకు పైగా కొన్నాం. నేను దాన్ని ప్రేమించాను. ఇంజన్లు రెక్కల మీద ఎత్తుగా ఉంటాయి, మట్టి రన్‌వేల మీద రాళ్లు తగలకుండా. వేడికీ ఎత్తుకీ తట్టుకునేలా మన అవసరానికే కుట్టించిన చొక్కాలాంటిది. ఆ విమానం లేకపోతే ఈశాన్యంలో ఎన్నో సరిహద్దు ఊళ్లకి ఉప్పు కూడా అందేది కాదు. అయినా నలభై ఏళ్లు. 2009లో 105 విమానాల్ని ఆధునికీకరించడానికి ఉక్రెయిన్‌తో ఒప్పందం కుదిరింది. నలభై అక్కడ, మిగతావి కాన్పూర్ డిపోలో. 2014 తర్వాత ఉక్రెయిన్ పరిస్థితి మనకు తెలిసిందే. విడిభాగాల రాక దెబ్బతింది. కొన్ని విమానాలకి కొత్త పరికరాలు, కొన్నిటికి పాతవే.

2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకాకి వెళ్తున్న ఏఎన్-32 కనిపించకుండా పోయింది. 13 మంది. ఎనిమిది రోజులు వెతికితే అడవి కొండ మీద, 12 వేల అడుగుల ఎత్తున శకలాలు కనిపించాయి. ఆ ఎనిమిది రోజులూ 13 ఇళ్లలో ఎలా గడిచాయో ఊహించండి. ఇవాళ మన జేబులోని ఫోను మనం ఏ వీధిలో ఏ దోసె బండి దగ్గర నిలబడ్డామో చెబుతుంది. దేశం కోసం వెళ్లే విమానం ఎక్కడ పడిందో చెప్పడానికి ఎనిమిది రోజులు పట్టకూడదు.

అంతకు మూడేళ్ల ముందు జరిగింది మా వీధిలోనే జరిగినట్టు. నేను విశాఖలో ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఉంటాను. ఎన్ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో. ఆ కూడలికి పేరు దాన్నుంచే వచ్చింది. రోజూ బస్సు కండక్టర్ల నోట వినే ఆ మూడక్షరాల వెనక ఒక కార్యాలయం ఉందనీ, అందులో పనిచేసేవాళ్లు మన ఇరుగుపొరుగే అనీ చాలామందికి ధ్యాసే ఉండదు. 2016 జులై 22 ఉదయం ఎనిమిదిన్నరకి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఏఎన్-32 బయల్దేరింది. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ ఎన్ఏడీ ఉద్యోగులు. యూనిఫాం వేసుకున్నవాళ్లు కారు. ఉద్యోగం పని మీద వెళ్తున్న మామూలు మనుషులు, టిఫిన్ తిని, ఇంటికి ఫోన్ చేసి విమానం ఎక్కినవాళ్లు. తొమ్మిదీ పన్నెండు తర్వాత ఆ విమానం నుంచి ఏమీ వినిపించలేదు.

ఆ సాయంత్రం నుంచి మా వైపు కొన్ని ఇళ్ల ముందు చెప్పులు గుట్టలుగా పడి ఉండేవి. లోపలికి వెళ్లినవాళ్లు ఏం మాట్లాడాలో తెలియక కూర్చునేవారు. నన్ను కూడా తీసుకెళ్లారు, ‘ఈయన వాయుసేనలో చేశాడు, ఈయనకి తెలుస్తుంది’ అని. ఓడలు వెళ్లాయి, విమానాలు వెళ్లాయి, జలాంతర్గామి కూడా వెళ్లింది. బంగాళాఖాతం ఏమీ ఇవ్వలేదు. సెప్టెంబరులో అందరూ మరణించినట్టు భావిస్తున్నామని ఉత్తరాలు వచ్చాయి. భావిస్తున్నాం అన్న మాట మీద ఆడమనిషి బొట్టు ఎలా తీస్తుంది? పదో రోజు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? శరీరం దొరక్కపోతే దర్భలతో మనిషి రూపు చేసి దహనం చేయించవచ్చని పురోహితులు చెబుతారు. ఒక తండ్రి ఆ మాట వింటూనే లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. గేటు పట్టుకుని నిలబడి ఆయన అన్నది ఒక్కటే: “మావోడు ఈతగాడండి.”

అందుకే అడుగుతున్నాను. మొదటిది, సైనికుల్ని గానీ పౌర ఉద్యోగుల్ని గానీ ఎక్కించుకునే ప్రతి రవాణా విమానంలో, అది నలభై ఏళ్లదైనా నిన్న వచ్చినదైనా, ఉపగ్రహానికి తానే సంకేతం పంపే ఆధునిక పరికరం ఉండాలి. నీళ్లలో పడితే విడివడి పైకి తేలేది కావాలి. ప్రపంచ పౌర విమానయానం నీటి అడుగున సంకేతమిచ్చే పరికరం ఆయుష్షుని 30 రోజుల నుంచి 90కి పెంచింది. టికెట్ కొనుక్కున్న ప్రయాణికుడికి దక్కే జాగ్రత్త, ఆర్డరు మీద ఎక్కిన సిపాయికి దక్కకపోతే ఎలా? యుద్ధంలో శత్రువు పసిగడతాడంటారా, యుద్ధంలో ఆపుకునే మీట పెట్టుకోవచ్చు. శాంతికాలంలో తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లేదానికి ఏ రహస్యమూ అక్కర్లేదు.

రెండోది, ఏఎన్-32 స్థానంలో వచ్చే విమానం. 2021లో 56 సీ-295ల ఒప్పందం జరిగింది. నలభై వడోదరలో తయారవుతాయి, వాటి భాగాలు మన హైదరాబాద్‌లో రూపుదిద్దుకుంటాయి. కానీ అవి ప్రధానంగా ఆవ్రోల స్థానంలో వచ్చేవి. మధ్యస్థాయి రవాణా విమానం కోసం 2022 చివర్లో వివరాలు అడిగారు. యుద్ధవిమానాల కొనుగోలు ఆలస్యమైతే పార్లమెంటులో గొడవ జరుగుతుంది, టీవీల్లో చర్చ జరుగుతుంది. రవాణా విమానాల గురించి మన ఎంపీల్లో ఎవరైనా లేచి అడగ్గా నేను వినలేదు. విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇంతమంది సైన్యంలో ఉన్నారు. సీ-130జే తోక భాగాలు ఆదిభట్లలో తయారవుతున్నాయి. నావిగేటర్లు బేగంపేటలో చదువు నేర్చుకున్నారు. అడిగే హక్కు మనకుంది. ఆ సభ్యులు అడగాలి.

దీన్ని చదివి పిల్లల్ని సైన్యంలోకి పంపడానికి ఏ తల్లీ భయపడకూడదు. వేల సార్లు వెళ్లి వేల సార్లు తిరిగొచ్చిన విమానాలే ఎక్కువ. నేను ఎక్కించిన ప్రతివాడూ దిగాడు. పార్వతీపురం తమ్ముడు కూడా. రెండేళ్ల తర్వాత సెలవు మీద అదే దారిన వచ్చి, ‘మెట్లు నెమ్మదిగానే ఎక్కానండీ’ అని చెప్పి వెళ్లాడు.

2024 జనవరి 12న ఆ తాంబరం విమానం దొరికిందని రక్షణ శాఖ ప్రకటించింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత వాహనం, తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాల్ని ఫొటో తీసింది. ఏడున్నరేళ్ల తర్వాత. ఆ శాస్త్రవేత్తలకి నా నమస్కారం. మర్నాడు పొద్దున్న పేపరు పట్టుకుని, ఆ గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన అప్పటికే చదివేసి ఉన్నాడు. కళ్లద్దాలు తీసి మడిచి పేపరు మీద పెట్టాడు. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

“మూడు వేల నాలుగొందల మీటర్లంటే ఎంత లోతు బాబూ?”

సింహాచలం కొండని ఒకదాని మీద ఒకటి పది పెట్టినా నీళ్లపైకి రావని చెప్పాను. ఆవిడ కిటికీలోంచి కొండ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“మరి అక్కణ్ణించి తీసుకురాలేరా?” అంది.